చుట్టంలా కాదు, ఇంటిమనిషిలా రండి

(రావివలసలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు నాకు ఇచ్చిన అంశం 'ప్రపంచీకరణ కాలంలో ఇల్లు, ఊరు'. పెద్ద మాటే. నేను మైకు ముందు మాట్లాడే మనిషిని కాను. రాత్రి 8 గంటలకు 120 మంది పిల్లల హాజరు తీసుకోవడం నాకు అలవాటైన పని. అందుకని ఈ పెద్ద మాటను కూడా హాజరుపట్టీ చదివినట్టే, ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుచుకుంటూ వెళ్తాను. ఏది 'ఉన్నాను' అంటుందో, ఏది పలకదో చూద్దాం.

మొదట ఈ ఊరి పేరునే పిలుద్దాం. రావివలస. రావి అంటే చెట్టు, అది అందరికీ తెలుసు. మరి వలస? ఇప్పుడు పేపర్లో ఆ మాట కనిపిస్తే మీ కళ్ళకు ఏం కడుతుంది? పలాస స్టేషన్‌లో జనరల్ బోగీ ముందు తోసుకుంటున్న జనం, తల మీద సంచి, చెన్నై, హైదరాబాదు, సూరత్. వలస అంటే ఊరు ఖాళీ అయిపోవడం అని అనుకుంటాం. కానీ మన జిల్లా పటం తీసి ఊళ్ళ పేర్లు చదవండి. ఆమదాలవలస దగ్గర్నించి మొదలుపెడితే, పేరు చివర 'వలస' ఉన్న ఊళ్ళు లెక్కపెట్టలేనన్ని దొరుకుతాయి. ఇవన్నీ ఎవరో ఎక్కడినుంచో వచ్చి, ఒక చెట్టు కింద మూట దించి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించిన చోట్లు. మన పాతవాళ్ళ నోట వలస అంటే వచ్చి నిలబడిన ఊరు. ఒకే మాట. వాళ్ళకు అది రావడం, మనకు పోవడం.

ఇందులో నాకు కనిపించిన సంగతి ఒక్కటే. కదలడం మనకు కొత్త కాదు. ఆగిన చోట మూడు రాళ్ళు పెట్టుకోవడం మనం మరిచిపోతున్నామా అన్నదే నా భయం.

రెండోది చిరునామా. హాస్టల్లో చేరేటప్పుడు దరఖాస్తులో 'శాశ్వత చిరునామా' అని ఒక గడి ఉంటుంది. ఆ శాశ్వతం ఎంత శాశ్వతమో చూడండి. మందస వైపు ఒక ఇల్లు ఉందనుకోండి. 1935లో ఆ ఇల్లు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యాక, మన వైపు మిగిలిన ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఆ ఇంట్లో ఒక అవ్వ అడుగు బయటపెట్టకుండా ఇన్ని చిరునామాలు మారింది. సీతంపేట సంగతి మీకే తెలుసు. 2022 ఏప్రిల్ 4న అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. అక్కడి పిల్లలు ఒక రాత్రి నిద్రపోయి లేచేసరికి వేరే జిల్లావాళ్ళయ్యారు.

1936 నాటి ఆ గీత మన సవర కుటుంబాల మధ్యనుంచి పోయింది. పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు. ఒకే తాత బిడ్డల్లో అటువైపు మనవడు ఒడియా బడికి వెళ్ళాడు, ఇటువైపు మనవడు తెలుగు బడికి వచ్చాడు. ఇద్దరూ సంతలో కలిస్తే ఏ భాషలో మాట్లాడుకుంటారు? సవరలోనే. పెళ్ళిళ్ళకు, చావులకు ఆ గీత ఎవరికీ అడ్డం రాలేదు. చిత్రం ఏమిటంటే, ఆ గీత గీసిన 1936లోనే ఒడిశా వైపు మంగేయి గొమాంగో మన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ప్రపంచంలో ఏ మూల ఉన్న కంప్యూటరయినా గుర్తించే అక్షరాల పట్టికలో మన అక్షరాలు కూడా ఉన్నాయి. ప్రపంచీకరణ అంటే మనల్ని మింగే నోరు అని మాత్రమే అనుకోకండి. అందులో మనకూ ఒక వరస దొరుకుతుంది, అడిగేవాళ్ళుంటే.

ఇక దూరం వెళ్ళినవాళ్ళ సంగతి. మీరు హైదరాబాదు వెళ్ళడమే దూరం అనుకుంటున్నారు. తెల్లదొరల కాలంలో మన గంజాం కొండల నుంచి సవరలను అస్సాం తేయాకు తోటలకు కూలీలుగా తీసుకెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఇన్ని తరాల తర్వాత కూడా అక్కడ సవర మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళ ఉచ్చారణ మీద గౌహతి ఐఐటీలో పరిశోధన కూడా జరిగింది. చుట్టూ అస్సామీ, బెంగాలీ, సాద్రీ భాషలు వినిపించే తోటల మధ్య, కొండ లేదు, సొంత భూమి లేదు, గ్రామదేవత లేదు, అయినా మాట నిలిచింది. ఇక్కడ టెక్కలి బస్సులో పక్కన వేరేవాళ్ళు కూర్చుంటే మనం ఫోన్లో అమ్మతో సవర మాట్లాడడం ఆపేసి తెలుగులోకి దిగుతాం.

అదే అస్సాం మనకు ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఇక్కడ సవర అంటే షెడ్యూల్డు తెగ. రాజ్యాంగం గుర్తించిన పేరు అది. అస్సాం తోటల్లో ఉన్న మన చుట్టాలకు ఆ గుర్తింపు లేదు, అక్కడ వాళ్ళను వెనుకబడిన తరగతుల్లో చూపిస్తారు. ఎస్టీ హోదా కోసం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఒకే రక్తం, ఒకే భాష, కాగితం మాత్రం వేరు. నువ్వు ఎవరివో నీకు తెలిస్తే సరిపోదు, నువ్వు ఉన్న చోట అది రాసి కూడా ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మనం వెళ్ళకపోయినా ప్రపంచం మన దగ్గరికి వస్తుంది. ఉద్దానం అనగానే మనకు గుర్తొచ్చే జీడి చెట్టునే తీసుకోండి. దాని పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంటే జీడి కూడా వలస వచ్చిందే. ఇప్పుడు అది మన కొండవాలు మీద మన పంట. పలాస ఫ్యాక్టరీల్లో మన ఆడవాళ్ళు కొట్టే పిక్కల్లో మన తోటలవే కాక ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చినవి కూడా ఉంటాయి. అక్కడ పంట ఎక్కువైతే ఇక్కడ మన బస్తా ధర పడిపోతుంది. మందస కొండ మీద ఒక అవ్వ తన పిక్కలు ఎందుకు తక్కువకు అమ్ముడుపోయాయో తెలియక దళారిని తిట్టుకుంటుంది. దళారి తప్పు కూడా ఉండొచ్చు. కానీ ఆ ధర వెనక ఆమె ఎప్పుడూ చూడని సముద్రాలున్నాయి.

టెక్కలి చుట్టుపక్కల కొండల్లోని నీలి గ్రానైట్‌నూ చూడండి. దిమ్మలుగా కోసి ఓడలెక్కిస్తారు. ఎక్కడో చలిదేశంలో ఎవరి ఇంటి గచ్చో, ఎవరి సమాధి రాయో అవుతుంది. మన కొండ ఎవరి జ్ఞాపకానికో నిలబడుతుంది. క్వారీ కింద ఉన్న మన ఊరికి మాత్రం దుమ్ము మిగులుతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. మీలో చాలామంది అప్పుడు చిన్నపిల్లలు, అయినా ఆ గాలి హోరు మరిచిపోయి ఉండరు. కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి. ఇల్లు కూలితే కట్టుకోవచ్చు. చెట్టు కూలితే? కొబ్బరి మొక్క నాటి కాయ కోయాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు ఏం తినాలి? అందుకే చాలామంది రైలెక్కారు. వాళ్ళు ఊరి మీద ప్రేమ లేక వెళ్ళారని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. చెట్టు ఎదిగేదాకా ఇంటిని నిలబెట్టడానికే వెళ్ళారు.

రెండేళ్ళు తిరక్కుండానే 2020 వచ్చింది. లాక్‌డౌన్‌లో మన ముందునుంచి పోయే ఈ హైవే మీదే జనం నడిచి వెళ్ళారు. పిల్లల్ని భుజాన వేసుకుని, చెప్పులు అరిగిపోయి. గుజరాత్‌లోని వేరావల్ రేవులో మన తీరం మత్స్యకారులు వేలమంది పడవల్లోనే చిక్కుకుపోయారు. తర్వాత వాళ్ళను బస్సుల్లో తీసుకొచ్చారు. ఆ నెలల్లో ఒక నిజం బయటపడింది. పని చేసిన పట్నం వాళ్ళను 'మీ ఊరికి పొండి' అంది. తీరా వస్తే ఊరు పొలిమేరలో ఆపి, బడి గదిలో పెట్టింది. రోగం భయం, తప్పలేదు. కానీ ఆ 14 రోజులు బడి కిటికీలోంచి సొంత ఇంటి కప్పును చూస్తూ కూర్చున్నవాళ్ళకు ఒక ప్రశ్న మిగిలింది. నేను ఎక్కడివాణ్ణి?

ఈ ప్రశ్న నాకు హాస్టల్లో రోజూ ఎదురవుతుంది, చిన్న రూపంలో. ఒక తొమ్మిదో తరగతి పిల్ల సంక్రాంతి సెలవులకు వెళ్ళి, మూడు రోజులు ముందే తిరిగి వచ్చేసింది. 'ఏటమ్మా, అప్పుడే వచ్చేసినావు?' అంటే, 'ఇంటికాడ ఏమీ తోచలేదు మేడం' అంది. కాసేపాగి చెప్పింది. వాళ్ళమ్మ తనను ఏ పనీ ముట్టుకోనివ్వలేదట. 'చదువుకునేదానివి, నీకెందుకు, కూకో' అని పీట వేసి, కోడిని కోసి, అందరికన్నా ముందు తనకే వడ్డించిందట. చెల్లి నీళ్ళు తెస్తోంది, అమ్మ కట్టెలు తెస్తోంది, తను కూర్చుని ఉంది. 'చుట్టంలాగ ఉంది మేడం నాకు' అంది ఆ పిల్ల.

పిల్లలూ, నేను బీఈడీలో చదివిన పుస్తకాల్లో ఇంత సూటి మాట ఒక్కటీ లేదు. చుట్టానికీ ఇంటిమనిషికీ తేడా ఎక్కడుంది? ప్రేమలో కాదు. చుట్టం మీద కూడా ప్రేమ ఉంటుంది, మన మీద కన్నా ఎక్కువే చూపిస్తారు. తేడా పనిలో ఉంది. చుట్టానికి పీట ఉంటుంది, పని ఉండదు. ఇంటిమనిషికి పని ఉంటుంది, వాటా ఉంటుంది, తిట్టు కూడా ఉంటుంది. చుట్టం ఎప్పుడు వెళ్తాడో అడుగుతారు. ఇంటిమనిషిని ఎప్పుడు వస్తావని అడుగుతారు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మన పని, మన వంతు ఎక్కడ మన కోసం ఆగి ఉంటుందో అదే ఇల్లు. అది పోతే, కళ్ళెదుట గోడలు నిలబడి ఉన్నా మనం చుట్టాలమే.

ఇల్లంటే కప్పు అనుకునేవాళ్ళు ఈ ఊరి దేవుణ్ణి ఒకసారి చూడాలి. ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఎండా వానా ఆయన మీదే పడతాయి, అందుకే ఎండల మల్లన్న అన్నారు. కప్పు లేదని ఎవరైనా ఆయనను ఇల్లులేనివాడు అన్నారా? కార్తీక సోమవారాల్లో చూడండి, ఎక్కడెక్కడి జనమో వస్తారు. వచ్చే జనం, చేసే సేవ ఉన్నాయి కాబట్టి అది ఆయన చోటు అయింది.

మన సవర ఇల్లు ఇంకా స్పష్టంగా చెబుతుంది. మన భాషలో ఇల్లు 'సింగ్', ఊరు 'గొర్జాంగ్'. మనకు గోత్రాలు లేవు. ఒక మూలపురుషుడి సంతానమంతా ఒక 'బిరిందా'. బిరిందాలో పెళ్ళిళ్ళు చేసుకోరు, చావు వస్తే అందరూ నిలబడతారు. చనిపోయినవాళ్ళకు గువార్ చేసి రాయి నిలుపుతారు, ఆ రాయి తన బిరిందా రాళ్ళ పక్కనే నిలబడుతుంది. పుట్టిన బిడ్డకు పోయినవాళ్ళ పేరు పెడతారు. ఇప్పుడు కొన్ని కుటుంబాలు ఈ పద్ధతులు పాటించడం లేదు, వేరే ప్రార్థనలు చేసుకుంటున్నారు. అది వాళ్ళ ఇష్టం, నేను దాని జోలికి పోను. నేను చెప్పేది ఆ పద్ధతి వెనకున్న లెక్క గురించి. మనిషి పోయాక కూడా ఆయన చోటు, ఆయన పేరు ఖాళీగా ఉంచరు. ఎవరో ఒకరు దాన్ని మోస్తారు.

మన గోడబొమ్మ చూడండి. వేసేవాళ్ళు ముందు నాలుగు వైపులా గీత గీస్తారు. అది ఇల్లు. ఆ బొమ్మ పెద్దలకు, దేవతలకు కట్టిన ఇల్లు. 1955లో మన మతం మీద పెద్ద పుస్తకం రాసిన వెరియర్ ఎల్విన్ కూడా ఈ సంగతి రాశాడు. ఆ గీత లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. తర్వాత తర్వాత సైకిలు వచ్చింది, విమానం కూడా వచ్చింది. మనవాళ్ళు విమానాన్ని చూసి భయపడి గోడబొమ్మ మానలేదు. విమానాన్ని చూసి ఇల్లు చెరిపెయ్యనూ లేదు. ఇంటి గీత అలాగే ఉంచి, విమానానికి లోపల ఒక చోటు ఇచ్చారు. ప్రపంచీకరణ గురించి నేను ఇంతకంటే బాగా చెప్పలేను. బయటిది ఏది వచ్చినా రానివ్వండి, గీత మాత్రం మీరే గియ్యండి.

ఆ బొమ్మే ఇప్పుడు పట్నాల్లో హోటళ్ళ గోడల మీదకి, చీరల మీదకి, సంచుల మీదకి వెళ్ళింది. 2024 జనవరిలో ఒడిశాలోని లాంజియా సవర బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ మన హాస్టల్ పిల్లల్లో ఆ బొమ్మ ఎవరి కోసం, ఎప్పుడు వేస్తారో చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? బొమ్మ ప్రపంచమంతా తిరుగుతూ, దాని అర్థం చెప్పేవాళ్ళు ఇంట్లో లేకపోతే, ఆ ఇంటికి మనమే చుట్టాలమవుతాం.

ఇంటిపేరు సంగతి కూడా చెప్పాలి. హాజరుపట్టీలో మనలో చాలామందికి ఇంటిపేరు దగ్గర ఏం రాసి ఉంటుంది? 'సవర'. నా ఇంటిపేరూ అదే. ఎవరో గుమాస్తా ఎప్పుడో కులం పేరునే ఇంటిపేరుగా రాసేసి ఉంటాడు. పట్నంలో చదివేటప్పుడు కొందరు పిల్లలు దాన్ని ఒక్క అక్షరంగా కుదించి దాచుకుంటారని నాకు తెలుసు. నేను మాత్రం వేరేలా చూస్తాను. తెలుగులో ఇంటిపేరు అంటే ఇంటికి పేరు. మన ఇంటిపేరు మొత్తం జాతి పేరు. అంటే మన ఇల్లు నాలుగు గోడలది కాదు. 2011 జనాభా లెక్కల్లో సవరను మాతృభాషగా చెప్పినవాళ్ళు దేశంలో 4 లక్షలు దాటారు. అంత పెద్ద ఇల్లు మనది. పాస్‌పోర్టు మీద ఆ పేరు పూర్తిగా రాయించుకోండి.

మీలో కొందరి మనసులో మాట నాకు వినిపిస్తోంది. 'మేడం, ఊరిని మరీ పొగుడుతున్నారు. మా ఊరికి రోడ్డు లేదు. నొప్పులొస్తే డోలీ కట్టి మొయ్యాలి. అక్కడ ఏముందని వంతు, వాటా?' ఆ మాట నిజం. డోలీని పాటల్లో అందంగా పాడుకోవడం నాకు నచ్చదు. ఇల్లు పొగడడానికి ఉన్న చోటు కాదు. మన ఇల్లు కారుతుంటే మనమే ఎక్కి కప్పు సర్దుతాం. చుట్టం అయితే గొడుగు తీసుకుని వెళ్ళిపోతాడు. రోడ్డు లేని ఊరు మీది కాబట్టే రోడ్డు గురించి అడిగే హక్కు మీకు ఉంది. అర్జీ రాయగలిగిన చదువు మీకు వచ్చింది, ఆ అర్జీ మీ వంతు.

ఊరి పెద్దలకూ ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు. పిల్లలు వెళ్ళిపోతున్నారని బాధపడతారు, వచ్చినప్పుడు మాత్రం పీట వేసి కూర్చోబెడతారు. గ్రామసభకు పిలవరు. 'నీకేం తెలుసు' అంటారు. ఆడపిల్లనైతే 'రేపు అత్తారింటికి పోయేదానివి' అంటారు. పుట్టింట్లో రేపు పోయేదని, అత్తింట్లో నిన్న వచ్చినదని అంటే, ఆడపిల్లకు ఇల్లు ఎక్కడ? కొడుకుతో పాటు కూతురికీ పని, మాట, వాటా ఇవ్వని ఇల్లు సగం ఇల్లే. హాస్టల్లో 120 మంది ఆడపిల్లల మధ్య బతుకుతున్న మనిషిగా ఈ మాట చెప్పకుండా నేను మైకు వదలను.

ఇప్పుడు పనులు. వంతు వంతు అని ఇంతసేపు అన్నాను, ఏం చెయ్యాలో చెప్పకపోతే అది ఉపన్యాసం అయిపోతుంది. నాలుగు చెబుతాను.

మొదటిది కాగితం. అస్సాం మాట చివర్లో మళ్ళీ చెబుతానన్నాను, అది ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి మనవాళ్ళ సాగులో ఉన్న అటవీ భూమికి హక్కు పత్రం వస్తుంది. పెళ్ళయినవాళ్ళకయితే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. అది వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె తెరిచి ఆ పత్రం చదవండి. అమ్మ పేరు ఉందా? విస్తీర్ణం సరిగ్గా ఉందా? తాత పోయాక పేరు మారిందా? అమ్మానాన్నలకు చదువు రాకపోతే ఆ కాగితం చదవడం మీ వంతు. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. మీ కులధ్రువీకరణ పత్రం కూడా భద్రం. దూరం వెళ్ళే కొద్దీ దాని అవసరం పెరుగుతుంది.

రెండోది మాట. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, 1931లో మన భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రచురించారు. బయటివాడై ఉండి నేర్చుకున్నాడు. మనం ఇంట్లో ఉండి వదిలేస్తామా? వారానికి ఒకసారి అవ్వకో తాతకో ఫోన్ చేసి, పది నిమిషాలు పూర్తిగా సవరలోనే మాట్లాడండి. జాతాపు పిల్లలకూ, గదబ పిల్లలకూ ఇదే చెబుతాను. మీ ఇంట్లో పెద్దలు ఏ మాట మాట్లాడేవారో ఆ మాటలోనే మాట్లాడండి. తెలియని మాట వస్తే అడగండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. ఒక ఏడాదిలో మీ దగ్గర ఉండేది ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

మూడోది పండగ. కందికొత్త పండగ చెయ్యకుండా మన పెద్దలు కొత్త కందులు నోట పెట్టరు. టెంక పండగ, ఆగం పండగ కూడా ఉన్నాయి. మీరు వస్తారు, ఫోటోలు తీస్తారు, స్టేటస్ పెడతారు. సరే, పెట్టండి. కానీ వచ్చిన రోజు ఒక పని అడిగి తీసుకోండి. డప్పు మోస్తారా, పందిరికి కర్రలు తెస్తారా, వంటకు నీళ్ళు తెస్తారా. రాలేని ఏడాది మీ వంతు ధాన్యమో డబ్బో ముందే పంపి, 'నా వంతు ఇదిగో' అని చెప్పండి. ఊరి లెక్కలో మీ పేరు ఉంటుంది. పేరు ఉన్నవాడు చుట్టం కాడు.

నాలుగోది, మన దగ్గరికి వచ్చినవాళ్ళ సంగతి. టెక్కలి క్వారీల్లో, హైవే పనుల్లో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలున్నారు. వాళ్ళ భాష మనకు రాదు. మన పిల్లలు చెన్నైలో ఎలా ఉంటారో వాళ్ళు ఇక్కడ అలా ఉన్నారు. వాళ్ళను వెక్కిరించకండి. పేరు అడగండి. ఊరు అడగండి. వీలైతే మీరు చదువుకున్న నాలుగు తెలుగు అక్షరాలు వాళ్ళ పిల్లలకు చెప్పండి. మన పేర్లలో వలస ఉంది, మన తోటలో జీడి చెట్టు ఉంది. వచ్చినవాళ్ళకు చోటు ఇచ్చిన నేల ఇది. ఆ మర్యాద మనతో ఆగిపోకూడదు.

మిమ్మల్ని వెళ్ళొద్దని నేను చెప్పను. వెళ్ళండి. వైజాగ్ వెళ్ళండి, హైదరాబాదు వెళ్ళండి, వీసా దొరికితే సముద్రం దాటండి. మీరు డాక్టర్లయి, నర్సులయి, ఇంజనీర్లయి వస్తే నాకన్నా సంతోషించేవాళ్ళుండరు. వెళ్ళిన చోట కూడా మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించండి. అక్కడి మంచి చెడ్డల్లో ఒక వంతు తీసుకోండి, అక్కడా చుట్టాల్లా బతకొద్దు. ఒక మనిషికి రెండు ఇళ్ళు ఉండొచ్చు. రెండు చోట్లా పని ఉండాలి, అంతే.

ఇక ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ 'తిన్నావా?' అని అడుగుతుంది. తిన్నాను అని చెప్పి పెట్టెయ్యకండి. 'నేను వచ్చేసరికి నా కోసం ఏ పని ఉంచావమ్మా?' అని అడగండి. మొదటిసారి ఆమె నవ్వుతుంది. రెండోసారి ఆలోచిస్తుంది. మూడోసారి ఏదో ఒకటి చెబుతుంది.

 మా హాస్టల్ పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి, భోజనాలకు వరసగా వెళ్దాం. వడ్డన ఈరోజు తొమ్మిదో తరగతిది.

జై ఆదివాసీ!